వరదలో, తుపానులో ఇరుగుపొరుగును కాపాడుకోవడం ఎలా?

విపత్తు విరుచుకుపడిన మొదటి కొన్ని గంటల్లో మనిషిని కాపాడేది చాలాసార్లు పక్కింటి మనిషే. 1995 జనవరిలో జపాన్‌లోని కోబె నగరం భూకంపంలో కూలినప్పుడు శిథిలాల కింద నుంచి బయటపడిన వారిలో అత్యధికులను బయటికి తీసింది కుటుంబ సభ్యులు, ఇరుగుపొరుగువారే. మన దగ్గరా అంతే. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ విజయవాడకు దగ్గరలోని కొండపావులూరులోనే ఉంటుంది. అయినా 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు లక్షల మంది ఒకేసారి చిక్కుకుపోవడంతో లోపలి సందుల దాకా పడవ చేరడానికి చాలా సమయం పట్టింది. ఆ ఆలస్యానికి ఎవరినో తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ మధ్యకాలంలో వీధిలో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఏం చేసుకోవచ్చో, నీళ్లు తీశాక ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడమే ఉద్దేశం.

వానలకు ముందే చేయవలసినవి

అన్నిటికంటే ముందు కావలసింది పడవా కాదు, తాడూ కాదు. మీ వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసి ఉండడం కావాలి. ఒక నోటుపుస్తకంలో ఇంటింటి వివరం రాసి పెట్టుకోండి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు, మంచం దిగలేనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, పసిపిల్లల తల్లులు, వారానికి రెండుమూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు ఎవరెవరో గుర్తుపెట్టండి. మైకులో చెప్పిన హెచ్చరిక వినికిడి లేని మనిషికి చేరదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఇళ్లు కడుతున్న కూలీలకు తెలుగులో వచ్చిన మెసేజ్ అర్థం కాదు. ఇంకొక కుటుంబం ఉంది, దాదాపు ప్రతి జాబితాలోనూ తప్పిపోయేది అదే. అపార్టుమెంటు సెల్లారులో చిన్న గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం అది. నీళ్లు మొట్టమొదట చేరేది వాళ్ల గదిలోకే కాబట్టి పుస్తకంలో వాళ్ల పేరే ముందుండాలి.

సాయం అవసరమైన ప్రతి ఇంటికీ దగ్గరలోని రెండు ఇళ్లను బాధ్యులుగా పెట్టండి. ఒక్క ఇల్లే పెడితే ఆ రోజు వాళ్లు ఊళ్లో లేకపోవచ్చు. వీధిలో గట్టి మేడలు ఎవరివో చూసి, నీళ్లు వస్తే మిగతావాళ్లు డాబా మీదికి రావచ్చా అని యజమానిని ఇప్పుడే అడగండి, మెట్ల తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోండి. కాళ్ల కింద నీళ్లు పెరుగుతున్నప్పుడు తాళం కోసం వెతుక్కోకూడదు. తీరప్రాంత గ్రామాల్లో తుపాను షెల్టరు ఉంటే దాని తలుపులు తెరుచుకుంటున్నాయా, మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయా అని వానాకాలం మొదట్లోనే వెళ్లి చూడడం మంచిది.

సామగ్రి ఖరీదైనది అక్కర్లేదు. ముప్పై నలభై అడుగుల గట్టి నైలాను తాడు, మూత బిగుతుగా పడే ఖాళీ నూనె డబ్బాలు, టార్చిలైట్లు, విజిళ్లు, రెండు పొడవాటి వెదురు కర్రలు, చార్జి చేసిన పవర్‌బ్యాంకులు, ప్రథమ చికిత్స పెట్టె ఉంటే చాలు. వీధిలో ఇద్దరు ముగ్గురు యువకులు శిక్షణ తీసుకోగలిగితే ఇంకా మేలు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం కింద సాధారణ పౌరులకే రక్షణ పనుల్లో శిక్షణ ఇస్తారు. దాని గురించి కలెక్టరేటులోని విపత్తు నిర్వహణ విభాగంలో అడగవచ్చు.

తుపాను విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా ప్రాణాలు పోవడానికి ప్రధాన కారణం గాలి కాదు, గాలితోపాటు ఊళ్ల మీదికి ఎగసిపడిన సముద్రం. ఇల్లు గాలికి తట్టుకుంటుందన్న ధీమాతో తీరంలోని లోతట్టు ఊళ్లో ఉండిపోయేవారికి ఈ సంగతి నచ్చజెప్పి, పగటి వెలుగు ఉండగానే బయల్దేరదీయాలి. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంతమైన భాగం, ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అంతా అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్లను కాసేపటికే ఎదురు దిక్కు నుంచి వచ్చే గాలి బలి తీసుకుంటుంది. అధికారులు చెప్పేదాకా ఎవరినీ బయటికి పోనివ్వకండి.

నీళ్లు పెరుగుతున్నప్పుడు

నీళ్లు గుమ్మం దాటకముందే కరెంటు మెయిన్ స్విచ్ ఆపించండి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయించండి. అప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే మాత్రం స్విచ్చు ముట్టుకోవద్దు. 1912కు ఫోన్ చేసి వీధి మొత్తానికి సరఫరా ఆపమని చెప్పండి. తెగిపడిన తీగకు దూరంగా ఉండడమే కాదు, దాని దగ్గర ఒకరు నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపడం కూడా ప్రాణాలు కాపాడే పనే.

ముందు మనుషులు, తర్వాతే సామాన్లు. మన ఇళ్లల్లో తరచూ ఇది తలకిందులవుతుంది. ఫ్రిజ్‌ను మంచం మీదికి ఎక్కించే హడావిడిలో అరగంట పోతుంది, ఈలోగా మోకాలి లోతు నీళ్లు నడుం దాకా వస్తాయి. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనను తరలించాలంటే చేతుల మీద ఎత్తుకోవడం కంటే చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ నయం. ఆయనను కూర్చోబెట్టి నడుం చుట్టూ చీరతో కుర్చీకి కట్టండి. ముడి ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి, కుర్చీ నీళ్లలో ఒరిగితే వెంటనే విప్పగలగాలి. ఇద్దరు వెనకా ముందూ పట్టుకుని కుర్చీని కొద్దిగా వెనక్కి వాల్చి నడవాలి. మూడోవాడు కర్రతో నేలను తడుముతూ ముందు వెళ్లాలి, ఎందుకంటే మురికినీటి అడుగున మూత లేని మ్యాన్‌హోలు కంటికి కనపడదు. మెట్లు ఎక్కేటప్పుడు ఆయన వీపు పైమెట్ల వైపు ఉండాలి. బయల్దేరే ముందు ఆయన రోజూ వేసుకునే మందులు, చీటీతో సహా, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆయన జేబులోనే పెట్టండి. సంచిలో పెడితే సంచి ఒక చోట, మనిషి ఒక చోట అవుతారు.

ప్రవాహంలోకి దిగడం గురించి కఠినంగానే చెప్పాలి. జోరుగా పారే నీళ్లు మోకాలి కిందే ఉన్నా పెద్దమనిషిని పడగొడతాయి, రెండడుగుల లోతుంటే కారును కొట్టుకుపోగలవు. వాగు మీద నీళ్లు పారుతున్న కాజ్‌వే దగ్గర మీరు చేయగల గొప్ప సాయం రోడ్డుకు అడ్డంగా నిలబడి బైకులను, ఆటోలను వెనక్కి పంపడమే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకుపోతే ఒక జేసీబీ డ్రైవర్ తన యంత్రంతో వెళ్లి వాళ్లందరినీ తీసుకువచ్చాడు. ఆ సాహసానికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆయన వెళ్లింది బరువైన యంత్రంతో, దాన్ని నడపడమే వృత్తిగా ఉన్న అనుభవంతో. అవి రెండూ లేనివాళ్లు ఉత్సాహం కొద్దీ నీళ్లలో దూకితే కాపాడవలసినవాళ్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది.

కొట్టుకుపోతున్న మనిషికి ఒడ్డు మీద నుంచే అందించగలిగినవి చాలా ఉన్నాయి. దగ్గరుంటే నేల మీద బోర్లా పడుకుని కర్ర అందించండి, ఎవరైనా మీ కాళ్లు పట్టుకోవాలి. దూరంగా ఉంటే ఖాళీ నూనె డబ్బాకు తాడు కట్టి అతనికి కాస్త ఎగువన పడేలా విసరండి, ప్రవాహమే దాన్ని అతని చేతికి చేరుస్తుంది. తాడు కొసను మీ నడుముకు కట్టుకోవద్దు. చెట్టుకో స్తంభానికో ఒక చుట్టు వేసి పట్టుకోండి.

నీళ్లలో మునిగి స్పృహ తప్పిన మనిషిని బయటికి తీయగానే తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లల్లో ఇంకా చూస్తున్నాం. వీటివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తి శ్వాస ఆడుతోందో లేదో చూడండి. ఆడకపోతే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి, ఛాతీ పైకి లేచేలా రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో రెండంగుళాల లోతుకు 30 సార్లు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ 30 నొక్కులు. 108 వాహనం వచ్చేదాకా, లేదా మనిషి తానే ఊపిరి తీసుకునేదాకా ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఆపకుండా చేయాలి.

పల్లెల్లో ఇల్లు వదిలి వెళ్లే ముందు పశువుల పలుపులు విప్పేయండి. గాటన కట్టేసిన గేదె ఈదలేదు, విడిచిపెట్టినది చాలావరకు మెరక చేరుకుంటుంది. పశువులను వదిలి రానని మొండికేసే రైతును కదిలించడానికీ ఇదొక్కటే మార్గం.

సాయం కోరుతూ ఫోన్ చేసేటప్పుడు ఊరు, వీధి, కొండగుర్తు, ఎంతమంది, నీళ్ల లోతు, రోగులెవరైనా ఉన్నారా అనేవి వరుసగా చెప్పండి. ఏ అత్యవసరానికైనా 112, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077. వాట్సాప్‌లో సందేశం పెడితే తేదీ, సమయం తప్పకుండా రాయండి, పని అయ్యాక అయిందని కూడా రాయండి. నిన్న బయటపడిన కుటుంబం కోసం ఈరోజు పడవ వెతుకుతూ వెళ్తే నిజంగా చిక్కుకున్నవాళ్లకు అది అందకుండా పోతుంది. కట్ట తెగిందన్న కబురు కళ్లారా చూసినవాళ్లు చెబితే తప్ప ముందుకు పంపకండి.

తిండి, నీళ్లు, మందులు

అన్నం పొట్లాలు ఎన్ని తెచ్చారన్నదానికంటే ఎక్కడిదాకా తెచ్చారన్నది ముఖ్యం. మెయిన్‌రోడ్డు మీద, ఫ్లైఓవరు పక్కన ఉన్నవాళ్లకు ఒకే పూట మూడు పొట్లాలు అందుతాయి, నాలుగో సందు చివర డాబా మీద ఉన్నవాళ్లకు ఒక్కటీ అందదు. అందుకే వండేవాళ్లు, మోసేవాళ్లు వేరువేరుగా ఉండాలి. మోసేవాళ్లు ముందు చివరి ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి పంచుకుంటూ రావాలి. పప్పన్నం, సాంబారన్నం ఉక్కకు త్వరగా పాడవుతాయి, పులిహోర కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఏదైనా పొట్లం మీద వండిన సమయం రాయండి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, అరటిపండ్లు, బిస్కెట్లకు ఆ బెడద లేదు.

తాగేనీళ్ల విషయంలో రాజీ పడకూడదు. బురదగా ఉంటే ముందు నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టాలి. పొయ్యి ఉంటే నీళ్లు తెర్లిన తర్వాత మరో నిమిషమైనా మరగనివ్వాలి. పొయ్యి లేకపోతే క్లోరిన్ బిళ్లలు ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇవ్వండి. అది దొరకకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు హాని చేస్తుంది కాబట్టి గుప్పెడు, చిటికెడు లెక్కలు వద్దు. పాలిచ్చే తల్లులకు పాలపొడి డబ్బాలు పంచడం కంటే వాళ్లకు చాటు, మంచినీళ్లు, కడుపునిండా తిండి సమకూర్చడం బిడ్డకు మేలు. కలుషిత నీళ్లతో కలిపిన డబ్బాపాలే శిబిరాల్లో పిల్లలను జబ్బు పరుస్తాయి.

బీపీ, షుగరు, మూర్ఛ మందులు ఒకటి రెండు రోజులు ఆగినా ప్రమాదమే. ప్రతి ఇంటి నుంచీ మందుల చీటీ ఫోటో తీసుకుని, పడవ వెళ్లి వచ్చేటప్పటికి తెప్పించే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. కరెంటు లేనిచోట ఇన్సులిన్‌ను కవరులో చుట్టి, తడిగుడ్డ కప్పిన మట్టికుండలో పెడితే చల్లగా ఉంటుంది. శిబిరంలో ఆడవాళ్లను అడిగి తెలుసుకోవలసినవి వేరే ఉంటాయి. శానిటరీ ప్యాడ్లు, మార్చుకోవడానికి బట్టలు, మరుగుదొడ్డి దారిలో దీపం, లోపల గడియ అవసరమని వాళ్లు నోరు తెరిచి మగ వలంటీరుకు చెప్పరు. ఆ పనికి మహిళలే ఉండాలి.

నీళ్లు తీశాక

కెమెరాలు వెళ్లిపోయి, భోజనాల బండ్లు ఆగిపోయాక అసలు కష్టం మొదలవుతుంది. నా అభిప్రాయంలో సాయం చేసే చేతులు ఎక్కువగా కావలసింది ఈ దశలోనే, తక్కువగా దొరికేదీ ఇప్పుడే. వారం పాటు సెలవు పెట్టగలిగినవాళ్లు దాన్ని మొదటి మూడు రోజుల్లో ఖర్చు చేయకుండా ఈ రోజులకు దాచుకోవడం తెలివైన పని.

ఇంట్లోకి అడుగుపెట్టే ముందు తలుపు బార్లా తెరిచి, కర్రతో బీరువా వెనక, మంచం కింద, బట్టల కుప్పల్లో కదిపి చూడండి. పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లల్లోకి చేరతాయి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద ఆనించి, మనిషిని నడిపించకుండా విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. పామును పట్టుకుని తీసుకువెళ్లవలసిన పనిలేదు.

బురద తడిగా ఉండగానే ఎత్తిపోయాలి, ఎండితే పలుగు పెట్టినా రాదు. విజయవాడలో ఇళ్లల్లోని బురద కడగడానికి ఫైరింజన్లనే వీధుల్లోకి దింపారు. అవి రాని చోట పదిమంది కలిసి రోజుకు రెండిళ్ల చొప్పున పూర్తిచేసుకుంటూ పోవడం, ఎవరి ఇల్లు వాళ్లు ఒంటరిగా కడుక్కోవడం కంటే త్వరగా తెములుతుంది. పెద్దవాళ్ల ఇళ్లు ముందు తీసుకోండి. గమ్‌బూట్లు, రబ్బరు చేతితొడుగులు లేకుండా ఎవరినీ దింపకండి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో గానీ బాత్‌రూమ్ క్లీనరుతో గానీ కలపవద్దు, విషవాయువు వెలువడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లల్లో తిరిగినవారికి కొన్ని రోజుల తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే వరద నీళ్లలో తిరిగానని డాక్టరుకు తప్పకుండా చెప్పమనండి. ఆ ఒక్క మాటతో ర్యాట్ ఫీవర్ త్వరగా పట్టుబడుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, నంబరు ప్లేటు కనపడేలా ఫోటో తీసి బీమా కంపెనీకి తెలియజేసి మెకానిక్ దగ్గరికి నెట్టించాలి. ఇంటి వైరింగును ఎలక్ట్రీషియన్ చూడందే మెయిన్ వేయకూడదు.

తడిసిన కాగితాలు చాలామంది ఎండలో పరిచి పాడుచేసుకుంటారు. పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజులు, సర్టిఫికెట్లు తడిగా ఉండగా ఒకదాన్నుంచి ఒకటి లాగితే చిరుగుతాయి. నీళ్లు కారిపోయాక వార్తాపత్రికల మధ్య పెట్టి, పత్రికలు మారుస్తూ నీడలో గాలికి ఆరనివ్వాలి. ఎక్కువగా ఉంటే కరెంటు ఉన్న బంధువుల ఇంట్లో కవరులో చుట్టి డీప్‌ఫ్రీజర్‌లో పెడితే తీరికగా ఆరబెట్టుకునేదాకా బూజు పట్టకుండా ఆగుతాయి.

నష్టం రాసుకోవడానికి వచ్చే సిబ్బంది ముందు ఒక చదువుకున్న మనిషి పక్కన ఉండడం పెద్ద సాయం. విజయవాడలో ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించింది. అలాంటి సాయం ప్రకటించినప్పుడు సర్వే రోజున ఊళ్లో లేని అద్దెదారులు, ఆధార్ చిరునామా వేరే ఊరిదైన కూలీలు తప్పిపోయే అవకాశం ఉంటుంది. కడగకముందే గోడ మీద నీటి గీత, పాడైన సామాను, మీటరు నంబరు కనపడేలా ఫోటోలు తీసి ఉంచండి. పేరు రాకపోతే అర్జీ రాసిపెట్టి రసీదు తీసుకోండి. పొలం మునిగిన రైతు పంట బీమా కట్టి ఉంటే 72 గంటల్లోపు తెలియజేయాలన్న గడువును ఊరి యువకులే గుర్తుచేయాలి, ఇల్లు పోయిన బాధలో ఆ గడువు ఆయనకు తట్టదు.

దూరాన ఉండి సాయం చేయాలనుకునేవాళ్లు, విదేశాల్లోని మనవాళ్లతో సహా, వస్తువుల కంటే డబ్బు పంపడం మంచిది. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎవరూ తీసుకోని పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడిపోయాయి. తీసుకోనిది పొగరుతో కాదు, చినిగిన చీర చేతికిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి గానీ, మీకు స్వయంగా తెలిసిన సంస్థకు గానీ పంపండి, ఫార్వర్డుగా వచ్చిన క్యూఆర్ కోడ్‌కు పంపకండి. నేరుగా ఒక కుటుంబానికే ఇవ్వాలనుకుంటే వాళ్ల సంపాదన ఎక్కడ ఆగిందో చూసి అక్కడ ఇవ్వండి. ఆటో ఇంజను బాగుచేయించడం, కుట్టుమిషను మోటారు మార్పించడం, టిఫిను బండికి గ్రైండరు కొనివ్వడం వల్ల ఆ కుటుంబం నెల తిరిగేలోగా తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

చివరిగా మనసు సంగతి. అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి దగ్గర కూర్చున్నప్పుడు “ఏడవకండి”, “మీకంటే ఎక్కువ పోయినవాళ్లున్నారు”, “అంతా మన మంచికే” అన్న మాటలు వద్దు. ఏం జరిగిందో చెప్పమని తవ్వి అడగకండి, చెబితే అడ్డు రాకుండా వినండి. చెప్పకపోతే మంచినీళ్లిచ్చి పక్కన కూర్చోండి, ఆ పూటకు కావలసిన ఒక్క పని చేసిపెట్టండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, వాన చప్పుడుకే వణుకుతున్నా, బతికి లాభం లేదన్న మాట నోట వచ్చినా ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి. అది ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.